పద్దెనిమిది స్లైడ్ల కోల్‌కతా

ముందే ఒప్పేసుకోవాలి: ఈ కథలో అందరికన్నా ఎక్కువ చదివింది ఇందుజే, అందరికన్నా తక్కువ తెలిసిందీ ఇందుజకే. కైకలూరు, ఆదివారం పొద్దున్న. చేపల చెరువుల ముత్యాలరాజు పెరట్లో కూర్చుని బొచ్చె చేపకు పొలుసు తీస్తున్నాడు. కూతురు ఇందుజ ఎదురుగా నిలబడింది.

“మధ్యాహ్నం భోజనానికా? హౌరా సాహా గారా? ఇవాళేనా?”

“ఇవాళేనమ్మా. ముప్పై ఏళ్ళుగా మన చేప కొంటున్నాడాయన. ఎలాగూ ఏలూర్లో దిగాడు, ఒక పూట అన్నం పెడితే అరిగిపోతామా? మీ ఫ్రెండ్ షర్మీన్‌దీ కోల్‌కతాయే కదా. ఇద్దరూ బెంగాలీలో సరదాగా మాట్లాడుకుంటారు.”

“అది మాట్లాడదు నాన్నా.”

“ఏం?”

“తలనొప్పి.”

“ఇందాక మీ అమ్మతో నవ్వుతా జడేయించుకుంటంది?”

“ఇప్పుడు లేదు. పదకొండున్నరకి వస్తుంది.”

“తలనొప్పికి టైంటేబులేంటమ్మా, ప్యాసింజరు బండికిలాగా?”

“పోనీ మేమిద్దరం ఏలూరు వెళ్ళొస్తాం. ప్రాజెక్టు పనుంది.”

“గూడెం కాలేజీకి పది రోజులు సెలవులు, హాస్టలు మూసేశారు, పాపం ఎక్కడికీ వెళ్ళలేదని తీసుకొచ్చింది నువ్వే. ఆదివారం పూట ఏలూర్లో ప్రాజెక్టేంటి?”

“నాన్నా, ఆయన్ని రావద్దను. అంతే.”

“బాగుంటదా? ఎందుకో చెప్పు.”

“చెప్తే అరవకూడదు.”

“నేనెప్పుడరిచాను?”

“అమ్మకి చెప్పకూడదు.”

“ముందు నాకు చెప్పవే!”

“షర్మీన్‌ది కోల్‌కతా కాదు.”

“మరి?”

“దగ్గరే. కొంచెం అవతల.”

“ఎంత అవతల?”

“బోర్డరంత. బంగ్లాదేశ్. బరిశాల్ అని ఊరు. వీసా ఉంది నాన్నా, స్కాలర్‌షిప్ ఉంది, క్లాసులో ఫస్టు...”

“సర్లే. మరి కోల్‌కతా అని ఎందుకన్నావు?”

“నీవల్లే! ‘బంగ్లాదేశీయులతో జాగ్రత్త, పది గ్రూపులకి పంపండి’ అని చెరువుల గ్రూపులో పెట్టింది ఎవరు?”

“నేను చదివి పంపుతానేంటే? గుడ్ మార్నింగ్ గులాబీలతోపాటు అదీ వెళ్ళుంటది.”

“నాకేం తెలుసు? నువ్వు రానివ్వకపోతే ఆ పిల్ల పది రోజులూ ఎక్కడుంటుందని భయమేసింది. అందుకే పద్దెనిమిది స్లైడ్లు చేసి నేర్పించాను. వాళ్ళ వీధి, వాళ్ళ బడి, ట్రాము నంబరు. కోల్‌కతా నేనూ చూళ్ళేదు, అదీ చూళ్ళేదు.”

“తెలుస్తానే ఉంది. ఇంటి నుంచి బడికి ట్రాములో నాలుగ్గంటలంది మొన్న.”

“అది నా తప్పే. నలభై నిమిషాలు అని పెట్టబోయి... ఉండు ఉండు. తెలుస్తానే ఉందంటే?”

“వచ్చిన రోజే చెప్పేసిందమ్మా. నువ్వూ అమ్మా సామాన్లతో ఆటో ఎక్కారు, ఆ పిల్లని నేను బండి మీద తెచ్చాను కదా. ‘అంకుల్ అండీ, నాది బంగ్లాదేశ్ అండీ. ఇందుజకి మాత్రం చెప్పకండండీ, చాలా కష్టపడి అబద్ధం తయారుచేసిందండీ’ అంది.”

“ఆ అండీలు నేర్పింది కూడా నేనే. ఛీ, నా చదువు! అమ్మకి తెలుసా?”

“అమ్మకి, పక్కింటి జీవరత్నానికి, స్టేషన్లో కానిస్టేబులుకి.”

“స్టేషనేంటి నాన్నా!”

“విదేశం వాళ్ళు ఇంట్లో దిగితే ఇరవై నాలుగ్గంటల్లో చెప్పాలంట, ఆన్‌లైన్లో ఫారం పెట్టాలంట. నెట్ సెంటర్లో పెట్టించాను. ఇంట్లోనే కంప్యూటరు ఇంజినీరుంది, అడుగుదామంటే దానికేమో నాకు తెలుసని తెలీదు.”

“ఫారమా? నాకసలు... నా తెలివికి దాని వీసా పోయేదా?”

“పోలేదుగా. ఈ గిన్నె పట్టుకో. తలకాయ విడిగా పెట్టు.”

“అయినా సాహా గారిని ఆపు నాన్నా. ఆయన పెద్ద కోల్‌కతా మనిషి. అది నోరు తెరవగానే పట్టేస్తాడు. ఏమైనా అన్నాడనుకో, పాపం అన్నం ముందు ఏడుస్తుంది.”

“పట్టెయ్యడానికేముంది? నిన్న ఫోన్లో నేనే చెప్పాను, మా ఇంట్లో బరిశాల్ పిల్ల ఉందని. ‘ఏ ఊరన్నావ్?’ అని రెండుసార్లు గట్టిగా అడిగాడు. లైను బాగాలేదనుకున్నాను.”

“చూశావా! కోపమొచ్చింది.”

“ఆయనదీ బరిశాలేనంటమ్మా. పద్నాలుగో ఏట వచ్చేశాడంట, ఇన్నేళ్ళూ అందరితో కోల్‌కతా అనే చెప్పుకున్నాడంట. ‘మా అమ్మ పోయాక ఆ యాస మాట్లాడ్డానికి మనిషి లేడు ముత్యాలరాజూ, నా మాటలో తప్పులు దొర్లితే ఆ పిల్ల నవ్వదు కదా’ అని పొద్దుట్నించి మూడుసార్లు ఫోన్ చేశాడు.”