అంచున నీలిగీత

దొరక్క దొరక్క దొరికిన సంబంధం చేజేతులా చెడగొట్టుకున్నానని నన్ను తిడతావేంటక్కా? "బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకురా, నాలుగు ముక్కలు మాట్లాడు" అని పంపింది నువ్వేగా? మాట్లాడాను. కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడాను.

అసలు తప్పంతా నువ్వు పంపిన ఫోటోది. కాఫీ హోటల్లోకి ఆవిడ రాగానే నా నెత్తికేసి చూసి, "ఫోటోలో జుట్టుంది కదండీ" అంది. పదేళ్ల కిందటి ఫోటో పంపుతారా ఎవరైనా? "నేను పరిశోధన చేసే గెలాక్సీ కూడా అంతేనండీ. చాలా దూరం కదా, వెలుగు మన దాకా వచ్చేసరికి కనిపించేదంతా పాతదే" అన్నాను. పక్కున నవ్వింది. నిజం! ఆ నవ్వే నా కొంప ముంచింది.

నవ్వింది కదా అని రెచ్చిపోయాను. రెండు సాసర్లు మూతికి మూతి ఆనించి, "ఇదిగో, ఇలా భూతద్దంలా ఉంటుందండీ. కొన్నిటికుండే సుడి తిరిగే చేతులుండవు, మధ్యలో మాత్రం ఉబ్బు" అన్నాను. ఉబ్బు అనగానే ఆవిడ చూపు నా పొట్ట మీద వాలింది. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపని బిగబడతాం, చెప్పు?

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "వందల గెలాక్సీల గుంపులో వచ్చి పడిందండీ ఇది. ఆ గుంపు దీని గ్యాసంతా ఊడ్చేసింది. గ్యాసే లేకపోతే కొత్త నక్షత్రాలెలా పుడతాయి?" అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయితే ఇక అందులో ఏమీ పుట్టదా?" అని మెల్లిగా అడిగింది.

చూడు, చూడు నీ చూపు! నీకు చిటికెలో అర్థమైపోయింది. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఒక ఒడ్డుకి చేర్చేసరికి నలభై నాలుగు దాటిపోయిన మనిషి అడిగిన మాట అది. ఈ మహా మేధావికి బస్సెక్కాకగానీ బుర్రకెక్కలేదు.

ఏమన్నానా? "పుట్టదండీ. మేమైతే చచ్చిన గెలాక్సీ అంటాం" అన్నాను. నవ్వుతూ అన్నానే, తల్లీ! ఆవిడ తన సాసర్ తీసుకుని కప్పు కింద పెట్టుకుంది. "వస్తానండీ" అని లేచింది.

కొట్టు. ఇంకో మాట వింటే ఇంకా గట్టిగా కొడతావు. పోయిన నెల తీసిన ఫోటోల్లో ఆ గెలాక్సీ అంచున సన్నగా నీలిగీత ఒకటి కనిపిస్తోంది. నీలం అంటే కొత్త నక్షత్రాలక్కా! ఎక్కణ్ణుంచో కాస్త గ్యాస్ దొరికినట్టుంది దానికి. ఆ ముక్క ఆవిడకి చెప్పచ్చుగా? చెప్పలేదు. ఎందుకంటావా? ఇంకా రుజువు కాలేదని!

నవ్వకు. నలభై ఏడేళ్లొచ్చాయి నాకు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని నవ్వితే ఇంత బావుంటుందని ఇవాళే తెలిసింది. నాకు ఆవిడ కావాలక్కా.

ఏయ్, ఆవిడకి ఫోన్ కలిపేశావా? మోగుతోందా? అయ్యో, ఇప్పుడేం చెప్పాలే? నీలిగీత సంగతి వద్దా? "మీరు నాకు నచ్చారు" అంటే చాలా? అంతేనా?

మరి రుజువేదీ అంటేనో?