పులిని మోసిన బ్లేడు

పొద్దున ఏడుంబావుకు సైదమ్మ రెండో దఫా పాలు పొయ్యి మీద పెట్టింది. ఆలేరు స్టేషన్‌కు మైలు దూరంలో, పెద్ద రోడ్డు నుంచి ఊళ్లోకి మొరం బాట తిరిగే మలుపులో ఆమె చాయ్ హోటలు. తాటాకుల పందిరి, రెండు బల్లలు. రాత్రి వాన పడింది. బాట నడుమ వాన కోసిన గండ్లలో ఎర్రనీళ్లు నిలిచి ఉన్నాయి.

నూలు తెచ్చిన లారీ డ్రైవరు ఆ గండ్లు చూసి, మూటలను పెద్ద రోడ్డు మీదే దించి వెళ్లిపోయాడు. చేనేత సంఘం గోదాము బాటకు ఆ కొసన ఉంది. మగ్గాల వాడ ఆడవాళ్లు మూటలు తలకెత్తుకుని బురదలో నడుస్తున్నారు. వాళ్లలో ఆండాళు ఒకతె. ఆమె భర్త సిద్దిరాములు ఒక మూట మోసి, మెడ పట్టేసిందని హోటల్లో కూర్చున్నాడు.

సిద్దిరాములు పుట్టుకతో సాలెవాడు. మగ్గం మానలేదు గాని, ఉగాది నుంచి మల్లప్ప పటేలు ట్రాక్టరు కూడా నడుపుతున్నాడు. మల్లప్ప ఇంటికీ, గోదాముకూ దారి అదే మొరం బాట. ఏటా తట్టలతో మొరం పోయించి విసిగిన మల్లప్ప, ట్రాక్టరు వెనక తగిలించి బాట చదును చేసే బ్లేడు కొందామని మర్నాడు పొద్దుటి బండికి హైదరాబాద్ పోతున్నాడు. దాని సంగతి తెలిసినవాణ్ని ఒక్కణ్ని వెంట తీసుకుపోతానన్నాడు. దుకాణం వాళ్లు పంపిన కాగితం పట్టుకుని అతనూ హోటల్లోనే కూర్చున్నాడు. అందులో రెండు బొమ్మలు. ఒకటి ఉత్త ఇనుప రేకు. రెండోది పక్కల్లో కూడా రేకులున్నది, ముందు పళ్లున్నది, దూరానికి ఇనుప తొట్టిలా కనిపిస్తుంది.

"పటేలా, గా కాగితం జర ఇటియ్యి," అన్నాడు సిద్దిరాములు. చూసి, నవ్వి, తిరిగి ఇచ్చాడు. "గిదేనా? గీ పళ్లదాన్ని నేను ఎన్నడో ఏరిన."

"యాడ?" అన్నాడు యోహాను. రైల్వే గ్యాంగులో పనిచేస్తాడు, డ్యూటీ దిగి వస్తూ చాయ్‌కి ఆగాడు.

"సాగర్ల. డ్యాం కడుతున్నరు సూడు, మొన్నటి కరువేడు గాడికి పనికి పోయిన గద."

"నువ్వు ట్రాక్టరు నేర్చిందే ఈ ఉగాదికి."

"ఇక్కడ నేర్చింది రెండోసారి యోహానన్నా. మొదటిసారి నేర్చింది ఎవ్వలకు చెప్పలే. ఇను. గాడ ఇంజనీరు సాబు బంగ్లాకు ఒక మొరం బాట, దాని ముంగట బ్లేడ్లు కుప్ప పోసి ఉన్నయి. సాబు నెత్తి పట్టుకొని కూసున్నడు, ఏది తగిలియ్యాల్నో తెలుస్తలేదు. నేను పొయి, సాబూ జర జరుగుమని, కుండ కొన్నట్టు ఒక్కొక్కదాన్ని ఏలుతోటి కొట్టి సూసిన. ఉత్త రేకుదైతే మొరాన్ని పక్కకు తోసి పారేస్తది, రెండు వానలకు బాట కాల్వయితది. పక్కల రేకులున్నదైతే మిట్ట మీద గీకింది ఇడువదు, తెచ్చి గుంటల పోస్తది. పళ్లుండాలె, లేకుంటే గట్టిపడ్డ మొరం లేవది. ఇగ ఎడల్పు, ఎనక చక్రాల కన్న బెత్తెడు ఎక్కువుండాలె, లేకుంటే చక్రాల జాడలు బాట మీదనే ఉంటయి."

మల్లప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మాట మంచిగనే ఉన్నది," అన్నాడు.

సిద్దిరాములు హైదరాబాద్ ప్రయాణం అక్కడికే ఖాయమైపోయినట్టు ఉంది. నోరు మూసుకుంటే చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు సిద్దిరాములు.

"ఏమైంది?" యోహాను కాళ్లు బల్ల మీదికి ముడుచుకున్నాడు.

"సాబు, నువ్వే నడుపు రాములూ అన్నడు. నడిపిన. ఒక్క చక్కర్ కొట్టిన. దిగి బాట మీద చింతగింజ పెట్టిన, కదల్లే. గోళీ పెట్టిన, కదల్లే. అంతల వాన మొదలైంది. సినుకు బాట మీద పడ్డది, ఎటు పోవాల్నో దానికి సమజైత లేదు. ఇటు పోదామంటే ఇటు వాలు లేదు, అటు పోదామంటే అటు లేదు, పడ్డ సినుకు పడ్డకాన్నే నిలబడ్డది. ఎనకొచ్చిన సినుకులు, జరుగు జరుగుమని దాని మీద లొల్లి. సాబు ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు, రాములూ నీ దండం బెడుత, నడుమ జర ఎత్తు జెయ్యి, నీళ్లు పక్కలకు పోనియ్యి అని."

"సినుకులు తెలుగుల లొల్లి చేసినయా, ఉర్దూలనా?" అన్నాడు యోహాను.

"సర్కారు బాట గదా, ఉర్దూలనే. నడుమ ఎత్తు జేద్దామంటే మొరం అయిపోయింది. యాడ దొరుకుతది? అమ్రాబాద్ దిక్కు నల్లమల అడివిల ఉన్నది, గట్టి మొరం, ఎర్రగ కుంకుమ లెక్క. పోయిన. ఒక గుట్ట అంచుకు బ్లేడు ఆనిచ్చి గేరేసిన, గుట్ట మొత్తం వచ్చి దాంట్ల కూసున్నది. చెట్లతోటి వచ్చింది. చెట్ల మీద కోతులు. అవి దిగలే, కిరాయి లేని సవారీ గదా. తొవ్వల వాగు అడ్డమొచ్చింది, వాగును గూడ దాంట్లకే తీసుకున్న, దాటేసినంక మల్ల పోసేద్దామని. శాపలు ఎగురుతున్నయి. కొంగలు ఎంబడి పడ్డయి."

"ట్రాక్టరు ఆగలేదా సిద్దిరాములూ, గంత బరువుకు?" మల్లప్ప గొంతులో అనుమానం కంటె కుతూహలమే ఎక్కువ.

"ఆగుడేంది పటేలా, ఎనక నూకుతున్నట్టే ఉన్నది. అప్పుడు నాకు ఒక గుర్రు ఇనబడ్డది. ఇంజనుది గాదు. మెల్లగ ఎనకకు తిరిగి సూస్తే, దాంట్ల ఓ మూలకు, చెంప కింద చెయ్యి పెట్టుకొని, పులి."

పొయ్యి దగ్గర సైదమ్మ పాలు కలపడం ఆపింది.

"నిద్రల ఉన్నది. నేను ఆపితే లేస్తది, జోరు జేస్తే కుదుపుకు లేస్తది. ఏం జెయ్యాలె? జోల పాడుకుంట నడిపిన. నల్లమల నుంచి సాగర్ దాక జోల. రాగాలు అయిపోతే పల్లేరు కాయల నుంచి పప్పు పులుసు దాక అన్నిటికీ రాగం కట్టి పాడిన. క్యాంపుల అడుగు పెట్టిన. కూలోళ్లు చెట్లెక్కిన్రు, సాబు నీళ్ల ట్యాంకు ఎక్కిండు. నేను బ్లేడు మెల్లగ దించిన, పసిపిల్లను ఉయ్యాల నుంచి దించినట్టు. పులి కండ్లు తెరిసింది, ఆవులించింది. ముంగట నేను తయారు చేసిన బాట. సూసింది. కాలు పెట్టబోయి ఆగింది. బాట మీద కాలిజాడ పడితే ఖరాబైతదని, అంచున, గడ్డిల, ఒక్కొక్క అడుగు ఏసుకుంట పోయింది. ఒట్టు! అడివి జానవరుకు గూడ పని విలువ తెలుస్తది పటేలా."

యోహాను చప్పట్లు కొట్టాడు. సైదమ్మ గరిటె పట్టుకునే ఇవతలికి వచ్చింది. ఆమె భర్త సాగర్‌లో రాళ్లు మోసినప్పుడు ఆమె అదే క్యాంపులో చాయ్ అమ్మింది.

"సిద్దిరాములూ, గా పులి యాడ పండుకున్నదంటివి?"

"దాంట్లనే అక్కా. మూలకు."

"దాంట్ల అంటే, అడుగున?"

"అడుగుననే. మల్ల నెత్తిన పండుకుంటదా?"

"గాడ ఒక ట్రాక్టరాయన రోజూ గసొంటి బ్లేడే నా హోటలు ముంగట దించి చాయ్ తాగేటోడు. నా మేక దాంట్లకు దూరి గడ్డి మేసేది."

యోహాను తలెత్తాడు. "ఇనుపదాంట్ల గడ్డి ఎట్ల మొలుస్తదే?"

"ఇనుముల ఎందుకు మొలుస్తది? భూమిల మొలిసింది. దానికి అడుగుంటె గద! ఎనక రేకు, రెండు పక్కల రేకులు, అంతే. కింద ఖాళీ, ముంగట ఖాళీ. కింద ఖాళీ లేకపోతే నేలను ఎట్ల గీకుతది బిడ్డా?"

యోహాను బల్ల మీద నుంచి కింద పడ్డాడు. పడి కూడా నవ్వుతూనే ఉన్నాడు. "అంటే పులి అమ్రాబాద్ నుంచి ట్రాక్టరు ఎనక ఉరికొచ్చిందన్నట్టు! నిద్రల! చెంప కింద చెయ్యి పెట్టుకొని!"

"కోతులు గూడ," అన్నాడు మల్లప్ప, కళ్లు తుడుచుకుంటూ.

రెండో మూటతో వస్తున్న ఆండాళు పందిరి ముందు ఆగింది. "ఏమైంది అక్కా?"

"నీ పెనిమిటి నల్లమల నుంచి పులిని తెచ్చిండు."

"తెస్తే తెచ్చిండు. దాని మీద రెండు మూటలన్న ఎత్తక పాయె," అని ఆండాళు బురదలోకి దిగి నడిచింది.

అందరూ నవ్వుతున్నారు గాని సిద్దిరాములు మల్లప్ప ముఖమే చూస్తున్నాడు. మల్లప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏది కొనాల్నో చెప్పినవు, అది సరే. దానికి అడుగు లేదని సైదమ్మ చెప్పింది, అది గూడ సరే. రేపు పొద్దుటి బండికి రా సిద్దిరాములూ. తొవ్వల పులి పేరెత్తితే భువనగిరిల దింపుత."

"ఎత్తనే ఎత్త పటేలా."

"కొంగల పేరు గూడ."

"కొంగలు నిజం పటేలా," అన్నాడు సిద్దిరాములు. సైదమ్మ గరిటె ఎత్తింది.

తర్వాతి వారం బాట గండ్లు పూడి, నూలు లారీ గోదాము తలుపు దాకా వచ్చింది. దుకాణంలో జరిగింది మల్లప్ప చెప్పగా ఆ రోజే తెలిసింది. దుకాణం వాకిట్లో కొత్త రంగు వేసిన పళ్ల బ్లేడు మెరుస్తోందట. దుకాణం మనిషి దాన్నే పొగుడుతున్నాడు. సిద్దిరాములు గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి, పడుగు పోగులు ఒక్క మట్టంలో ఉన్నాయా అని మగ్గం కొస నుంచి చూసినట్టు, బ్లేడు అంచును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. భుజం మీది తువ్వాలు కొంగున ఒక పోగు లాగి, అంచు వెంట బిగించి పట్టాడు. పోగుకూ ఇనుముకూ మధ్య, సరిగ్గా నడుమ, వెలుగు కనిపించింది. వెనక షెడ్డులో రంగు వేయని మరొకటి ఉంటే దాని అంచుకూ పోగు పెట్టి చూశాడు, వెలుగు కనిపించలేదు; దాన్నే తెచ్చారు. ఆ రోజు దుకాణంలో ఉన్నంతసేపూ సిద్దిరాములు మాట్లాడింది రెండే మాటలట: "ఇది వంకర."