ముక్కు దగ్గర పెట్టుకుని

జపాన్ వంటల హోటల్లో వంటవాడైన తమ్ముడు జ్వరం నుంచి లేచి రేపు మళ్ళీ పనిలో చేరాలి. చెయ్యి ఆడుతుందో లేదో చూసుకుంటానని అక్క వంటింట్లో కత్తితో ఆల్చిప్పలు విప్పుతున్నాడు. ప్రతిదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని, మంచిదనుకున్నాకే పళ్ళెంలో ఉంచుతున్నాడు.

“వాసన మళ్ళీ తెలుస్తోందట్రా?”

“నిన్నటి నుంచి బాగానే తెలుస్తోందక్కా. అచ్చం సముద్రం వాసన!”

“పైన పూసేదేమిటది?”

“మిసో అని సోయా ముద్ద, అందులో మయొనీజ్ కలిపాను. ఓవెన్‌లో పైన ఎర్రబడితే చాలు, బావ చిప్పలు కూడా నాకేస్తాడు.”

“తిన్న పళ్ళెం తియ్యడు గానీ, చిప్పలు నాకుతాడట!”

తమ్ముడు నవ్వుతూ ఇంకొకటి విప్పాడు. కుళ్ళు కంపు గుప్పున అక్క ముక్కుకి కొట్టింది. అతను దాన్ని ముక్కుకి ఆనించి, గుండెనిండా పీల్చి, తలాడించి పళ్ళెంలో పెట్టాడు.

“అదీ... బాగుందా?”

“అన్నిటికన్నా ఇదే బాగుంది.”

అక్క ముక్కు దాకా వెళ్ళిన చేతిని దించేసుకుంది.

“రేపే వెళ్ళాలా? ఇంకొన్నాళ్ళు ఆగరాదూ?”

“ఇంకా ఆగితే వేరేవాణ్ణి పెట్టుకుంటారక్కా.”

అక్క పళ్ళెం మీంచి చూపు తిప్పలేదు. అతని చేతిలో కత్తి ఆగిపోయింది.

“ఏదక్కా?” అన్నాడు, గొంతు తగ్గించి. “ఏది కుళ్ళింది?”

ఆమె వేలుపెట్టి చూపించింది. అతను దాన్ని మళ్ళీ తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూస్తూనే ఉండిపోయాడు.