ఏనుగు ముందు కాళ్ళు

చిన్న విషయమే. టీ చల్లారేలోపు అయిపోతుంది. మా వీధి ఏనుగు ముందు కాళ్ళు ఎవరికి దక్కాయన్నదే సంగతి. కాకపోతే ముందుగా బేకరీ ఆయన కుర్చీల గురించి చెప్పాలి, లేకపోతే ఆయన నొచ్చుకుంటాడు.

బేకరీ ఆయన దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు చాలా ఉన్నాయి. వీధిలో ఏ సమావేశమైనా అవే వస్తాయి. కుర్చీలు వచ్చాక వాటి వెనకే ఆయన రాకుండా ఉండడు, వచ్చాక మధ్య కుర్చీలో కూర్చోకుండా ఉండడు. అలా కూర్చుని కూర్చుని వేడుకల కమిటీకి అధ్యక్షుడయ్యాడు. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ కాదనలేదు. ఆయన పక్క కుర్చీ సెలూన్ ఆయనది. కమిటీలో ఈయన పని అనుమానపడటం. బయట వాన పడుతోందని చెబితే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన చేతిని ఒకసారి వాసన చూసి గానీ ఒప్పుకోడు.

ఇక ఏనుగు. మా నగరంలో ఏటా ఒక రోజు వీధులన్నీ ఊరేగింపుగా కదులుతాయి. ఒక్కో వీధికి ఒక్కో వింత ఉంటుంది. రేవు వీధివాళ్ళు పడవను భుజాల మీద మోసుకొస్తారు. బడి వీధివాళ్ళు కర్రకాళ్ళ మీద నడుస్తారు, ఏటా ఒకరైనా పడతారు, ఏటా అదే ఒకరు. మాది గుడ్డ ఏనుగు. పాత దుప్పట్లూ సన్నటి బద్దలూ కలిపి దర్జీ కుట్టాడు. లోపల ఇద్దరు మనుషులు, ఒకరు దర్జీ, ఇంకొకరు తాపీ మేస్త్రీ. ముందు కాళ్ళవాడికి ఏనుగు నోట్లోంచి దారి కనిపిస్తుంది. వెనక కాళ్ళవాడికి ముందువాడి నడుము తప్ప మరేమీ కనిపించదు. తొండం లేపే తాడు మాత్రం వెనకవాడి చేతిలో ఉంటుంది.

దీనికో పద్ధతి ఉంది. ఆ ఇద్దరూ దర్జీ కొట్టులో తలుపు వేసుకుని ఏనుగులోకి దూరతారు. ఎవరు ముందో, ఎవరు వెనకో వాళ్ళు చెప్పరు, మేం అడగం. తలుపు తీశాక బయటికొచ్చేది ఏనుగు, మనుషులు కారు. లోపల హుక్కులు పెట్టేది దర్జీ భార్య. కాబట్టి ఆ రహస్యం మొదటినుంచీ ముగ్గురిదే: దర్జీది, ఆయన భార్యది, తాపీ మేస్త్రీది.

ఈ ఏడు వేడుకలు దగ్గరపడుతుండగా దర్జీ పోయాడు.

ఒక సాయంత్రం దర్జీ కొట్టు అరుగు మీదికి బేకరీ ఆయన కుర్చీలు వచ్చాయి. లోపల దర్జీ భార్య మిషను తొక్కుతోంది, ఎవరివో దిండు గలీబులు. అధ్యక్షుడు గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. ఊరేగింపులో జనం ఎక్కువ, పిల్లలు ఎక్కువ. దారి చూసి నడిపే మనిషి లేకుండా అంత పెద్ద ఏనుగును వదిలితే ఎవరి మీదో పడుతుంది. పోయినవాడు వెనక కాళ్ళయితే పర్వాలేదు, అక్కడ ఎవరినైనా దూర్చవచ్చు. పోయినవాడు ముందు కాళ్ళయితే మాత్రం కొత్తవాడిని నమ్మి దారి అప్పగించలేం, ఏనుగు నడిచే రోజులు అయిపోయినట్టే. చక్రాల బండి మీద కట్టేసి ట్రాక్టరుతో లాగించేద్దాం.

అందరం మేస్త్రీ వైపు చూశాం.

మేస్త్రీ గోడ కడితే నిటారుగా కడతాడు. మాట మాత్రం ఆయన చేతిలో నిటారుగా నిలబడ్డ రోజు లేదు. అలాంటి మనిషి దర్జీ పోయిన దగ్గర్నుంచి ఒక్క కోత కూడా కొయ్యలేదు. మాకు భయం వేసింది, డాక్టరుకి చూపిద్దామా అనుకున్నాం. ఆ సాయంత్రం ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, దాన్నే చూస్తూ నోరు విప్పాడు.

“ముందు కాళ్ళు నావే.”

అలా అన్నాక మరి ఆగడం కుదరదు కదా.

“అన్న ఉన్నంతకాలం చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. మొదటి ఏడు ఏమైందంటే, గడియార స్తంభం దగ్గర వాలు ఉంది చూడండి, అక్కడ బ్యాండువాళ్ళ పెద్ద డోలు పట్టీ తెగింది. దొర్లుకుంటూ నా మీదికే వస్తోంది. నోట్లోంచి చూశాను, ఎడమ కాలు ఇలా అడ్డం పెట్టాను, ఆగింది. అంతే, పెద్ద విషయమేం కాదు.”

అంతవరకు ఎవరూ కాదనలేదు. డోళ్ళు దొర్లుతాయి, కాళ్ళు అడ్డం పెట్టవచ్చు.

“మరుసటి ఏడు వాన. దుప్పట్లు నీళ్ళు పీల్చి పీల్చి మన ఏనుగు అచ్చంగా ఏనుగు బరువు తూగింది. మార్కెట్ వీధికొచ్చేసరికి నీళ్ళు నడుము దాకా ఉన్నాయి, బ్యాండువాళ్ళు ఈత రాదని ఏడుస్తున్నారు. ఎక్కండ్రా అన్నాను. అందరూ ఎక్కారు. అవతలి గట్టున దించేదాకా నా కాలు తడబడితే ఒట్టు.”

డోలు కూడా ఎక్కిందా అని సెలూన్ ఆయన అడిగాడు. ఎక్కిందట. దారిపొడవునా వాయిస్తూనే ఉన్నారట.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? నగరానికి సర్కస్ వచ్చిన ఏడు. వాళ్ళ ఆడ ఏనుగు గొలుసు తెంపుకుని ఊరేగింపులోకి వచ్చింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది. దాని కళ్ళూ నా కళ్ళూ, మధ్యలో జానెడు దూరం. సిగ్గుపడింది. ఆ తర్వాత నేనెటు తిరిగితే అటు వెంటపడింది, ఇదిగో ఈ కొట్టు గుమ్మం దాకా. మావటివాడు పిలిస్తే రాదు. దాని మనసు విరగ్గొట్టడం ఇష్టంలేక నోట్లోంచే నెమ్మదిగా చెప్పాను, అమ్మా, నాకు పెళ్ళయింది అని. తల దించుకుని వెళ్ళిపోయింది.”

ఆయన నవ్వలేదు. కాబట్టి మేం కూడా నవ్వలేదు.

“పెద్ద గాలి వీచిన ఏడైతే మీరందరూ ఇళ్ళల్లో దూరారు, అందుకే మీకు తెలీదు. గాలి ఏనుగు కడుపులోకి దూరింది. ముందు నా కాళ్ళు లేచాయి, తర్వాత వెనకవి. గడియార స్తంభం కింద ఉండిపోయింది. పావురాలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. మేయరు గారి మేడ మీద ఆరేసిన బనియన్లు చూశాను, ఒక్కటీ చిల్లు లేనిది లేదు. వెనక అన్న వణికిపోతున్నాడు పాపం, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భయపడకన్నా, నా నడుము పట్టుకో, నేను దించుతాను అన్నాను. సరిగ్గా మన వీధి మొదట్లో దించాను.”

లోపల మిషను ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

బేకరీ ఆయన కుర్చీలో ఇటు తిరిగి అటు తిరిగి, ఎగరడం వరకు బాగానే ఉంది గానీ ముందు కాళ్ళన్నదానికి రుజువు కావాలన్నాడు. సెలూన్ ఆయనైతే తనకి పావురాల దగ్గరే అనుమానం వచ్చిందన్నాడు.  మేస్త్రీ గొంతు మారింది. ఆ గొంతుతో ఆయన మాట్లాడటం మేం ఎప్పుడూ వినలేదు.

“మిల్లు వీధి మలుపులో మూడో అంతస్తు కిటికీ. ఒక పెద్దావిడ నీలం శాలువా కప్పుకుని కూర్చుంటుంది. ఏనుగు కనపడగానే తెల్ల చేతిరుమాలు ఊపుతుంది. కింద ఇంత జనం ఉంటారు, ఎవరూ పైకి చూడరు. నేను తొండం లేపుతాను. అప్పుడు ఆవిడ రుమాలు కళ్ళకి అద్దుకుంటుంది. ఏటా అంతే. పోయినేడు కూడా ఊపింది.”

అందులో కోత ఏమీ లేదు. డోలు లేదు, సర్కస్ లేదు. నోట్లోంచి చూసినవాడు తప్ప ఇంకొకడు చెప్పలేని మాట. బేకరీ ఆయన మెత్తబడి, అయితే ఏనుగు నడుస్తుంది, వెనకకి ఎవరినైనా చూద్దాం అనబోయాడు.

దర్జీ భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గలీబు అలాగే ఉంది.

“ఆ పెద్దావిడ పోయి మూడేళ్ళయింది మేస్త్రీ” అంది.

మేస్త్రీ తలెత్తాడు.

“ఆ శాలువాకి అంచు కుట్టింది నేనే. పోయాక పలకరించడానికి ఆయనా నేనూ ఆ ఇంటికి వెళ్ళాం కూడా. అప్పట్నుంచీ ఆ కిటికీ మూసే ఉంది.”

“అన్న చెప్పాడు వదినా” అన్నాడు మేస్త్రీ. అలా అనగానే ముందు కాళ్ళు ఎవరివో అందరికీ తెలిసిపోయింది. ఆయనకీ తెలిసింది తెలిసిపోయిందని. అయినా ఆపలేదు. “పోయినేడు కూడా చెప్పాడు. ఊపుతోంది, తాడు లాగరా అన్నాడు. నేను లాగాను.”

“నువ్వు అడిగేవాడివి కదా. అన్నా, పెద్దావిడ ఉందా అని అడిగేవాడివి. చీకట్లో వంగి నడిచే మనిషికి లేదని ఎలా చెప్పను అన్నాడు ఇంటికొచ్చి.” ఆమె గలీబు మడిచింది. “అంతకన్నా ఇంకో మాట. ఉందో లేదో ఆయనకి మాత్రం కనపడితే కదా. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కించేది నేనే. మీ ఎవరికీ చెప్పనివ్వలేదు.”

సెలూన్ ఆయన వెంటనే అనుమానపడ్డాడు. అలాంటప్పుడు ఏనుగుని నడిపించింది ఎవరు అని.

ఆమె మేస్త్రీ వైపు చూపించింది. మేస్త్రీ నిజంగానే అయోమయంగా చూశాడు. ఆయన చెప్పగా తెలిసిందేమిటంటే, ఆ దారిలో రాళ్ళు పరిచిన మేస్త్రీల్లో ఆయనా ఒకడు. లోపల కబుర్లకి కరువొచ్చినప్పుడల్లా, అన్నా గరుకు రాయి వచ్చింది, ఇక్కడే కదా ఎడమకి మలుపు, అన్నా ఇనుప మూత తగిలింది, వాలు మొదలవుతుంది అంటూ ఏదో ఒకటి వాగేవాడట. అన్నకి కనిపిస్తూనే ఉంటుంది, ఊరికే తోడుగా ఉంటుందని వాగేవాడట.

అంటే ఇన్నేళ్ళ కోతల్లో మేస్త్రీ చేసిన నిజమైన గొప్ప పని అదొక్కటే. దాని గురించి ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు, ఎందుకంటే ఆయనకి తెలియదు.

“ఏనుగుని బండెక్కిస్తారని భయపడ్డాను వదినా” అన్నాడు.

“తెలుసు. సర్కస్ ఏనుగుని పెళ్ళాడానన్నా నేను పలికేదాన్ని కాదు. ఆయన్ని మాత్రం వెనక్కి తొయ్యకు. ఆయన ముందే నడిచాడు.”

బేకరీ ఆయన బాధపడుతూనే తన మాట తాను చెప్పాడు. ముందు కాళ్ళ మనిషి లేడని తేలిపోయింది, ట్రాక్టరుకి చెప్పి వస్తానని లేచాడు. దర్జీ భార్య కూర్చోమంది. ఆయన కుర్చీలోనే ఆయన్ని ఇంకొకరు కూర్చోబెట్టడం అదే మొదటిసారి.

“ముందు నేను నడుస్తాను. నాకు కళ్ళున్నాయి. వెనక మేస్త్రీ ఎలాగూ ఉన్నాడు.”

ఆడవాళ్ళు ఏనుగులోకి దూరడం గురించి అధ్యక్షుడు నియమం ఏదైనా ఉందేమోనని చాలాసేపు ఆలోచించాడు. ఇన్నేళ్ళుగా కుర్చీల మీద కూర్చున్నాం తప్ప నియమాలేవీ పెట్టుకోలేదని అప్పుడు బయటపడింది.

వేడుకల రోజు దర్జీ కొట్టు తలుపు మూసుకుంది. హుక్కులు సెలూన్ ఆయన పెట్టాడు, ఒక్కోటీ లాగి లాగి చూసి. తలుపు తీశాక ఏనుగు వచ్చింది. ఎవరి మీదా పడలేదు. గడియార స్తంభం వాలులో కాస్త ఆగింది, మార్కెట్ వీధిలో పిల్లలు తోక లాగితే ఊరుకుంది. మిల్లు వీధి మలుపులో మేం పైకి చూశాం. మూడో అంతస్తు కిటికీ మూసే ఉంది. ఏనుగు తొండం లేపింది. లోపల ఎవరు ఏం అడిగారో, ఎవరు ఏం చెప్పారో మాకు తెలియదు. మేం అడగలేదు.

ఆ తర్వాత మేస్త్రీ కోతలు మానేశాడు. పూర్తిగా మానేశాడు.

ఇప్పుడు కోసేది దర్జీ భార్య. మొదటి వారం రోడ్డు మీద జనం బాగా వచ్చారని మాత్రమే అంది. ఆ పై వారానికి ఆ జనం మేడల మీద, మేడల మీద వేసుకున్న నిచ్చెనల మీద కూడా ఉన్నారు. నిన్న సాయంత్రానికి రేవు వీధివాళ్ళ పడవ మునిగిపోతుంటే ఏనుగు తొండంతో పైకి లాగింది, నడిరోడ్డు మీద. మేస్త్రీ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. ఇదంతా నిజమేనా అని సెలూన్ ఆయన ఆయన్ని అడిగాడు.

“నాకేం కనిపిస్తుందండీ” అన్నాడు మేస్త్రీ. “నేను వెనక ఉన్నాను కదా.”