గాజు తలుపుల బార్ క్యాబినెట్

పాత సామాన్ల కొట్టు. కొట్టాయన, కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషి; ఇద్దరి మధ్యా అరవై ఏళ్ల నాటి టేకు బార్ క్యాబినెట్.

“అలా లాగకండి సార్! పాతకాలం గాజు, పగిలితే మళ్లీ దొరకదు.”

“ఎడమవైపు కాస్త పైకెత్తి జరపాలి. ఇదిగో, చూడు.”

“ఓరినీ! వచ్చినప్పట్నుంచీ దాంతో కుస్తీ పడుతున్నాను, నాకు లొంగలేదు. మీకెలా తెలిసిందండీ?”

“అప్పట్లో... అన్నీ ఇలాగే ఉండేవిలే.”

“అసలైన టేకు సార్. ఆ సన్నకాళ్లు చూడండి, ఇప్పుడెవడు చేస్తాడు? ఒక్కటే లోపం, పైన ఈ గ్లాసు మచ్చ. గరుకు కాగితంతో రుద్దించి పాలిష్ కొట్టిస్తాను.”

“వద్దు.”

“నిమిషంలో పోతుంది...”

“వద్దన్నానా! ఉండనీ.”

“సరే, సరే. చిత్రంగా ఉందే! అమ్మినావిడా ఇదే మాట. మచ్చ జోలికి పోవద్దంది.”

“అందా? ఇంకా... ఇంకేమంది?”

“ఏముంది, ఇల్లు మారుతోందట. ఒక్క గదిట, ఇది పట్టదట. సామానంతా తనే మోసుకుంటోంది పాపం, చెయ్యి సాయానికి మనిషి లేడు.”

“నడుం నొప్పి కదూ తనకి...”

“ఏమన్నారు?”

“ఏం లేదు. నువ్వు చెప్పు.”

“ఆ మచ్చ వాళ్లాయనదిట. రోజూ సాయంత్రం గ్లాసు అక్కడే పెట్టేవాడట. కింద గుడ్డముక్క వేసుకో మహానుభావా అని ఈవిడ గొడవట. నవ్వుతూనే చెప్పిందండీ. బండెక్కించేముందు మాత్రం దానిమీద చెయ్యేసి అలా నిలబడిపోయింది. నేనే అటు తిరిగాను.”

“తిట్టిందా? ఆయన్ని?”

“అయ్యో, పోయినవాణ్ణి ఎవరైనా తిడతారా?”

“పోయాడందా?”

“ఆ మాటే అంది. ‘ఆయన పోయారు, ఇక ఇదెందుకు’ అంది. ఇంకేం అడుగుతాం?... అదేంటి, కూర్చోండి, కూర్చోండి. మీకు బాగా కావలసినవాళ్లా?”

“ఒకప్పుడు.”

“క్షమించాలి, తెలీక వాగేశాను. ఈ నీళ్లు తాగండి... పెద్ద వయసు కూడా అయ్యుండదు. ఎలా పోయారండీ? గుండెపోటా?”

“కాదయ్యా. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, పెట్టె పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి పోయాను.”