లక్ష్మీరాజం పనిచేసిన దుబాయ్ ఇల్లు

నన్ను తిడితే ఏమొస్తది సంపత్? పందొమ్మిది కప్పుల కాఫీ తాగుమని నేను చెప్పిననా? అరబ్బు పోస్తే వద్దనద్దు, మనసుకు తీస్కుంటడు అన్న. గంతే. పుస్తకంల గట్లనే ఉండె.

అవును, సాలంటే కప్పు జర అటిటు ఊపాల్నట. ఊపేదాక పోస్తనే ఉంటరట. నువ్వు చెప్తేనే నాకూ తెలిసింది. గది తర్వాతి పేజీల ఉండె కావచ్చు. గా పేజీ చింపి మా ఇంటామె కమలవ్వ ఎన్నడో మిరపపొడి పొట్లం కట్టింది.

అయినా నీకేం నష్టమైంది? నువ్వు పనిచేసే ఇంటి ముసలి సేఠ్ పరేషానై, ఈ పిలగానికి ఇంటికాడ కాఫీ దొరకదేమో అని డబ్బా ఇచ్చి పంపిండు గదా. మన మెట్‌పల్లిల మాత్రం? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల కెళ్లి పప్పు పోస్తరు.

ఏందీ? రెండేండ్లు అరబ్బు ఇంట్ల పనిచేసినోనికి పేజీతోని ఏం పని అంటవా?

మెల్లగ మాట్లాడు. కమలవ్వ లోపల సకినాలు సుడుతున్నది.

ముప్పై ఏండ్ల సంది గల్ఫ్ పోయే పిలగాండ్లకు గీ అరుగు మీదనే అరబ్బుల తీరు చెప్తున్న. ఒక్కడన్న గీ మాట అడుగలే. నువ్వెందుకు అడిగినవ్ రా.

నేను దుబాయ్ పోలే సంపత్. ఏజెంటు నన్ను బొంబాయిల దించి మాయమైండు. ఏం మొకం పెట్టుకొని ఇంటికి రావాలె? పక్కనే ఉన్న భీవండి పోయి రెండేండ్లు బట్టలు నేసే సాంచాలు నడిపిన. గా అరబ్బుల తీరు రాసిన పుస్తకం ఆడ తోటి పనోడిచ్చిండు. కమలవ్వకు చదువు రాదాయె, ఉత్తరం మీద ముద్ర ఏ ఊరిదో ఆమెకేం ఎరుక?

ఇన్నొద్దులు నడిచింది. ఇప్పుడు మా బిడ్డ జమున దుబాయిల దవాఖాన్ల పనిచేస్తున్నది గదా, మా ఇద్దరికి వీసాలు తీసింది. సోమవారం ప్రయాణం. కమలవ్వ ఏమంటదో ఎరుకేనా? 'గా ఎత్తు బంగ్లాలు నాకెందుకు, నువ్వు పనిచేసిన ఇల్లు సూపెట్టు సాలు' అంటది. సకినాలు గా ఇంటోళ్లకే.

నిజం చెప్పుమంటవా? ఎట్ల చెప్పుదు? నేను పోయిన రెండేండ్లు పొద్దుగాల లేవంగనే పడమటి దిక్కు తిరిగి గా ఇంటికి దండం పెట్టిందట. నా పెనిమిటికి అన్నం పెడుతుండ్రని. నేనేమో భీవండిల వడాపావ్ తినుకుంట ఉన్న. నాకు సిగ్గయితది రా, ఇప్పటికీ.

నువ్వు మళ్ల ఎల్లుండే దుబాయ్ పోతున్నవు గదా. మీ సేఠ్ ఇంటినే నేను పనిచేసిన ఇల్లని కమలవ్వకు సూపెడుత. ఆయనకు ఒక్క మాట చెప్పి పెట్టు. మా ముసల్ది సకినాల డబ్బా పట్టుకొని తలుపు కొడితే, ఎవరు నువ్వు అనకుంట తీసుకోమను.