మునగడానికే కట్టిన పార్కు

సభాధ్యక్షులు, మన కాలనీ సంఘం పెద్ద సదాశివ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు) నా పేరు సత్యవేణి. ఇవాళ మీరు వీడ్కోలు సన్మానం చేస్తున్న కన్నబాబుకు పెద్దక్కను. మా శ్రీకాకుళం వైపు అప్ప అంటారు. కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. ఎక్కువ మాటలు నాకూ రావు.

మా తమ్ముడు పార్కులు గీసే సర్కారు ఇంజనీరు. మల్కాజ్‌గిరిలో మన కాలనీ వెనక వాగు ఒడ్డున పార్కు వేసినప్పుడు, పిల్లల ఊయలలు గట్టు మీద పెట్టి, పచ్చికనూ నడకదారినీ మాత్రం రోడ్డుకన్నా మనిషెత్తు పల్లంలో పరిచి, వాగు అంచున నీటికోళ్ళ కోసం జమ్ము నాటించాడు. వాగు పొంగితే నీళ్ళు ముందు పచ్చికలోకి రావాలి, మన ఇళ్ళలోకి కాదు. వాన తగ్గాక మెల్లగా వాగులోకే వెళ్ళిపోవాలి. ఇంతే అతని విద్య.

మొన్న భాద్రపదంలో వాగు పొంగింది. పార్కు మునిగింది. తెల్లవారకముందే సదాశివ గారి ఫోను.

"ఏందమ్మా, మీ తమ్ముడు గిట్ల జేసిండు? పార్క్ మొత్తం చెరువైంది!"

"మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయాండీ?"

"మా ఇంట్లకెందుకొస్తయ్? రాలే. మరి నా వాకింగ్ సంగతేంది?" (నవ్వులు)

పక్కనే టీ తాగుతున్న కన్నబాబు, "ఏటప్పా, మునిగిందా? అయితే బాగా కట్టినట్టే" అన్నాడు. ఆ మాట వాళ్ళ ఆఫీసులో ఎవరికీ ఎక్కలేదు. మునిగిన పార్కు ఫోటో పత్రికల్లో వచ్చింది. మునగని ఇళ్ళను ఫోటో తీయడానికి ఎవరూ రాలేదు. సంజాయిషీలు రాసి రాసి విసిగి, రిటైర్మెంటుకు ఇంకా గడువు ఉండగానే ఉద్యోగం వదిలేశాడు. వదిలేశాక శాలువా వచ్చింది.

నేను రోజూ దీపం పెట్టి, వానలు కురవాలనే వేడుకుంటాను. ఆ నీళ్ళు ఎక్కడ ఆగాలన్నది తమ్ముడికి వదిలేశాను.

ఇందాక అధ్యక్షులవారు ఒక వరం ప్రకటించారు. పచ్చిక మీద లారీలతో మట్టి పోయించి రోడ్డుకు సమంగా లేపి, జమ్ము పీకించి, అక్కడ 'కన్నబాబు కళావేదిక' కట్టిస్తారట. మనిషి చేసిన పనిని పాతిపెట్టి, పైన అతని పేరు చెక్కించడం మన మర్యాద. మీరందరూ చప్పట్లు కొట్టారు. కన్నబాబు తల వంచుకుని కూర్చున్నాడు. మెడలో దండ ఉన్నవాడు వద్దని ఎలా అంటాడు? నా మెడలో దండ లేదు. ఇంటి పెద్దగా నేను వద్దంటున్నాను.

వెనక నుంచి పుష్పమ్మ గారు ఏదో అంటున్నారు. పల్లపు గల్లీలో చివరి ఇల్లు ఆమెది. గట్టిగా చెప్పండమ్మా.

"గా గుంత పూడిస్తే నీళ్ళన్నీ మా ఇంట్లకే వస్తయ్, సదాశివన్నా! నువ్వు మూడో అంతస్తుల ఉంటవ్, నీకేం తక్లీఫ్? జెర కిందికి దిగి ఆలోచించు!" (చప్పట్లు)

నేను చెప్పాల్సింది ఆమె చెప్పేశారు. సదాశివ గారూ, మట్టి పోయిస్తానని ప్రకటించిన ఈ మైకులోనే, పోయించనని కూడా ప్రకటించండి. ఆ మాట వినేదాకా నేను వేదిక దిగను. అవతల పులిహోర చల్లారుతోందనీ, అధ్యక్షులవారు లేచేదాకా ఎవరూ వడ్డించరనీ తెలుసు. నాకు మాత్రం తొందర లేదు. ఇవాళ శనివారం, ఉపవాసం.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక మాట్లాడవలసింది అధ్యక్షులవారే. సెలవు ఆ తర్వాతే.